నేను కలపని ఫోను

మా ఇంటి కలెక్టరమ్మకు,

నీ లైన్‌మన్ మనసారా దీవించి రాయునది. ఇక్కడ నేనూ అమ్మాయీ క్షేమం. అక్కడ నువ్వూ, మీ చెల్లెలూ, మేడ మీద అద్దెకున్నవాళ్ళూ కులాసాగా ఉన్నారని తలుస్తాను.

నువ్వు కొరియర్‌లో పంపిన ఉత్తరం మొన్న మధ్యాహ్నం అందింది. నాలుగు పేజీల ఉత్తరంలో మూడు పేజీలు ప్రశ్నలే. ఫోన్‌లో మాట్లాడినప్పుడు "బాగున్నారా, తిన్నారా, సరే పెట్టేస్తున్నా" అని మూడు ముక్కల్లో తేల్చేసేదానివి, కాగితం దొరికేసరికి వకీలు కూడా పనికిరాడు నీ ముందు. సరే, ఒక్కొక్కటే జవాబు చెప్పుకుంటూ వస్తాను. రెండు ప్రశ్నలకు మాత్రం చివర్లో చెబుతాను. అవి రాయడానికి నేను కాస్త ధైర్యం కూడదీసుకోవాలి.

బీపీ మాత్రలు రోజూ వేసుకుంటున్నాను. స్వెట్టరు సరిపోయింది, మెడ దగ్గర గుచ్చుకుంటోంది కానీ ఈ చలికి అదే దిక్కు. గది ఎలా ఉందని అడిగావు. మూడో అంతస్తు, లిఫ్టు లేదు, ఒక్కటే కిటికీ. కిటికీ కింద అమ్మాయి బల్ల. దాని మీద సున్నపు అచ్చులు, ఎవరెవరివో దవడలు, వరసగా పెట్టి ఉంటాయి. తను పనిచేసే కట్టుడు పళ్ళ ల్యాబు నుంచి ఇంటికి తెచ్చుకుని మైనంతో పళ్ళు చెక్కుతుందట. మొదటిరోజు చూసి జడుసుకున్నాను. ఇప్పుడు వాటి పక్కనే కూర్చుని కాఫీ తాగుతున్నాను.

వంట నేనే చేస్తున్నాను. నవ్వకు. అమ్మాయికి గట్టివి మింగుడు పడవు కనుక అన్నం మెత్తగా ఉడికించి జారుగా కలిపి పెడుతున్నాను. మొదటిరోజు అడుగంటించాను. అమ్మాయితో పాటు గదిలో ఉండే స్నేహితురాలు వచ్చి, కిటికీ తెరిచి, గిన్నె నానబెట్టి, "అంకుల్, రేపటి నుంచి నీళ్ళు నేను పోస్తాను, మీరు గరిటె తిప్పండి చాలు" అంది. మంచి పిల్ల. గొంతు ఆపరేషన్ రోజున పొద్దుటి నుంచీ ఆసుపత్రిలో మన అమ్మాయి పక్కన ఉన్నది ఆ పిల్లే.

ఇక నీ అసలు ప్రశ్న. "పరాయి దేశంలో దిగి, భాష రాకుండా, ఒక్కరే ఎలా నెగ్గుకొచ్చారు? దాని గురించి ఒక్క ముక్క చెప్పరేం?" అని అడిగావు. ఆ సంగతి ఎందుకు ఎత్తలేదో ఇది చదివితే నీకే తెలుస్తుంది. మధ్యలో మడిచి పక్కన పెట్టకుండా చివరిదాకా చదువు.

విమానం ఆరున్నరకు దిగింది. ఆపరేషన్ పదింటికి. అమ్మాయి చెప్పినవన్నీ నేను చీటీ మీద రాసుకున్నాను కదా. దిగగానే సిమ్ కొనాలి, రైలు కార్డు కొనాలి, రైలెక్కి ఫోన్ చెయ్యాలి, స్టేషన్ బయట స్నేహితురాలు వచ్చి తీసుకెళ్తుంది. ముప్పావు గంట ప్రయాణం. పాస్‌పోర్టు దగ్గర వరుస పెద్దగా ఉన్నా త్వరగానే కదిలింది. వేలిముద్రలు రెండుసార్లు పడలేదు. స్తంభాలెక్కి, తీగలు లాగి అరిగిపోయిన వేళ్ళాయె. ఆ అధికారి తడిగుడ్డ ఇచ్చి తుడుచుకోమని సైగ చేశాడు. మూడోసారి పడ్డాయి. ఏడున్నరకల్లా పెట్టెతో బయటికొచ్చి, రైలు కార్డు కొని, సిమ్ కౌంటర్ దగ్గర నిలబడ్డాను. అప్పటిదాకా నీ మొగుడు ఎక్కడా తడబడలేదు.

కౌంటర్‌లో ఉన్నావిడ నా పాస్‌పోర్టు ఫోటో తీసుకుంది. సిమ్ తానే వేస్తానని చెయ్యి చాచింది. నేను ఇవ్వలేదు. ముప్పై రెండేళ్ళు ఊరందరి ఇళ్ళలో ఫోన్లు మోగించినవాణ్ణి, నా ఫోన్‌లో సిమ్ ఇంకొకరు వెయ్యడమేమిటని నాకు అనిపించింది. నేనే వేసుకున్నాను. ఆవిడ గడియారం చూపించి, వేలితో అరగంట అని గీసి, ఫోన్‌ను బల్ల మీద పెట్టి ముట్టుకోవద్దన్నట్టు చెయ్యి అడ్డంగా ఊపింది. నాకు అర్థమైంది. అర్థం కాలేదని ఇప్పుడు నీతో అబద్ధం ఆడను.

పది నిమిషాలు ఆగాను. ఫోన్‌లో సిగ్నల్ గీతలు రాలేదు. ఇక నా వల్ల కాలేదు. లైను రాకపోతే చూస్తూ కూర్చోవడం నా ఒంట్లో లేదు కదా. విప్పాలి, తుడవాలి, మళ్ళీ బిగించాలి. సిమ్ తీసి చొక్కాకు తుడిచి మళ్ళీ వేశాను. ఆపి మళ్ళీ వెలిగించాను. అలా ఎన్నిసార్లు చేశానో లెక్క లేదు. చేసిన ప్రతిసారీ ఆ అరగంట మళ్ళీ మొదటికొస్తుందని నాకేం తెలుసు? ఆ తర్వాత లోపలి సెట్టింగుల్లోకి వెళ్ళి, నెట్‌వర్క్ దానంతటది వెతుక్కునేదాన్ని ఆపేసి, నాకు తోచిన కంపెనీ పేరు ఒకటి ఎంచాను. అక్కడితో ఇక వచ్చే దారి కూడా మూసుకుపోయింది. ఆ సంగతి నాకు తర్వాత తెలిసింది.

ఉచితంగా ఇంటర్నెట్ ఇస్తామని గోడ మీద రాసుంది. నొక్కితే, మీ నంబరుకు ఒక కోడ్ పంపిస్తాం, అది కొట్టండి అంది. ఆ నంబరు పనిచెయ్యకనే కదా ఈ తిప్పలన్నీ. ఎనిమిదిన్నర అయింది. తొమ్మిది అయింది. నేల తుడిచే ఒకావిడ చాలాసేపటి నుంచి నన్ను గమనిస్తున్నట్టుంది. నీ వయసుంటుంది. బండి ఆపి, తన ఫోన్ తీసి, చేసుకోమని నా ముందు పెట్టింది. నేను తల అడ్డంగా ఊపాను. వద్దు, నాది వచ్చేస్తుంది, అని మన భాషలోనే అన్నాను. ఆవిడ కాసేపు ఫోన్ అలాగే పట్టుకుని నిలబడి, వెళ్ళిపోయింది.

పోనీ రైలెక్కి వెళ్ళిపోవచ్చు కదా అంటావు. చీటీలో స్టేషన్ పేరుంది. కార్డు జేబులో ఉంది. రైలు దగ్గరికి దిగే మెట్లు ఎదురుగానే కనిపిస్తున్నాయి. కానీ ఆపరేషన్‌కు ముందు మీ ఇద్దరినీ ఫోన్‌లో కలపడానికి నేను వస్తున్నాను, ఫోన్ లేకుండా పోయి ఏం చేస్తాననుకున్నాను. అమ్మాయి ఫోన్ అమ్మాయి దగ్గరే ఉంటుందని, అందులోంచి నీకు కలిపి ఇవ్వచ్చని నా బుర్రకు తట్టలేదు. నిజంగా తట్టలేదే. దాన్ని తలుచుకుంటే ఇప్పటికీ నన్ను నేను చెంప మీద కొట్టుకోవాలనిపిస్తుంది.

చివరికి పదీ నలభైకి మళ్ళీ కౌంటర్ దగ్గరికి వెళ్ళాను. ఆవిడ ఫోన్ తీసుకుని ఏదో ఒక్కటి మార్చి, తన బల్ల మీద బోర్లా పెట్టి, పైన చెయ్యి పెట్టుకుని కూర్చుంది. నేను మళ్ళీ ముట్టుకుంటానని ఆవిడకు తెలుసు. కాసేపటికి వరసగా చప్పుళ్ళు మొదలయ్యాయి. అన్నీ అమ్మాయి పంపినవే. "దిగావా నాన్నా?" "ఎక్కడున్నావు?" "అమ్మ ఫోన్ దగ్గరే ఉంది కదా?" "ఇంకో అరగంట ఆగుతామన్నారు, త్వరగా రా." "డాక్టరుగారు ఇక కుదరదంటున్నారు." అన్నిటికంటే కిందది, "లోపలికి తీసుకెళ్తున్నారు నాన్నా" అని. అది పంపి అప్పటికి పావుగంట అయింది.

కాబట్టి, వాళ్ళు దాన్ని ముందే లోపలికి తీసుకెళ్ళిపోయారు, మనకు సమయం ఇవ్వలేదు అని ఆ రోజు నీతో చెప్పింది అబద్ధం. వాళ్ళు చెప్పిన సమయం కంటే అరగంట ఎక్కువే ఆగారు. నేనే రాలేదు. నువ్వు ఉత్తరంలో రాశావు, అక్కడి లెక్కన మధ్యాహ్నం నుంచి ఫోన్ పక్కనే కూర్చున్నానని, కంచం ముందు పెట్టుకుని కూడా చెయ్యి తడపలేదని, బాత్రూముకు వెళ్ళడానికి కూడా భయమేసిందని. అది చదివి నేను మెట్ల మీదికి పోయి కూర్చున్నాను.

ఇంతకంటే పెద్ద తప్పు ఆ సాయంత్రం చేశాను. అమ్మాయికి తెలివి రాగానే నన్ను చూసి, బొటనవేలూ చిటికెనవేలూ చాచి చెవి దగ్గర పెట్టుకుంది. అమ్మతో ఏమైందని అడుగుతోంది. నా నోట్లోంచి వచ్చిన మాట ఏమిటో తెలుసా? "చేశాను తల్లీ, అమ్మ ఎత్తలేదు." అది కళ్ళు మూసుకుని గోడ వైపు తిరిగింది. అంటే నీకేమో ఆసుపత్రివాళ్ళు ఆగలేదని చెప్పాను. దానికేమో నువ్వు ఎత్తలేదని చెప్పాను. ఫోన్ దగ్గర నువ్వున్నావు, అవతల అదుంది. మధ్యలో చెడగొట్టినవాణ్ణి నేను. చెడగొట్టి, నింద వాళ్ళ మీదికీ నీ మీదికీ తోసి, అమ్మాయికి జావ కాస్తున్నాను, మాత్రలు వేసుకుంటున్నాను అని పెద్దమనిషిలా తిరుగుతున్నాను.

"ఇంకా నా మీద కోపంగానే ఉందా, ఒక్క మాటైనా మాట్లాడదేం?" ఇది నువ్వు అడిగిన రెండో ప్రశ్న. నెల రోజులు గొంతుకు విశ్రాంతి ఇవ్వమన్నారని చెప్పాను. అదీ పూర్తి నిజం కాదు. గడ్డ మొత్తం తీసేశారు, ప్రాణానికి ఏ భయమూ లేదు, ఇది మాత్రం డాక్టరుగారు చెప్పగా ఆ స్నేహితురాలు నాకు విడమర్చిన మాట, నమ్ము. కానీ గడ్డ గొంతు నరాన్ని చుట్టేసుకుని ఉందట. నరం దెబ్బతింది. అమ్మాయి నోరు తెరిస్తే గాలి వస్తోంది, మాట రావడం లేదు. ఆరు నెలలకు రావచ్చట. రాకపోవచ్చట. వచ్చినా పాత గొంతు కాకపోవచ్చట. ఇలా జరగవచ్చని వాళ్ళు దానికి ముందే చెప్పారు. అది మనకు చెప్పలేదు. మూడేళ్ళుగా నీ పేరెత్తని పిల్ల, "ఆపరేషన్‌కు ముందు ఒక్కసారి అమ్మకు కలిపి ఇవ్వు నాన్నా" అని ఎందుకు పట్టుబట్టిందో నాకు అప్పుడు తెలిసింది.

ఒక్క నంబరు నొక్కితే సరిపోయేది. అది నొక్కదు, "అమ్మ చేస్తే ఎత్తుతాను" అంటుంది. నువ్వు నొక్కవు, "మీరు కలిపి ఇస్తే మాట్లాడతాను" అంటావు. ఇద్దరిదీ ఒకటే మొండితనం. ఇద్దరూ నన్ను నమ్ముకుని కూర్చున్నారు.

మొన్న నీ ఉత్తరం వచ్చిన రోజే నా గుట్టు బయటపడింది. నీ ఫోటోలు చూస్తానని అమ్మాయి నా ఫోన్ అడిగింది. చేసిన కాల్స్ అన్నీ అందులో తేదీలతో సహా ఉంటాయని నాకు ధ్యాసే లేదు. కాసేపటికి తన తెల్ల పలక తీసుకుని రాసి నా ముందు పెట్టింది. "ఆ రోజు పొద్దున అమ్మకు నువ్వసలు చెయ్యనే లేదు." తుడిచి మళ్ళీ రాసింది. "మరి ఎత్తలేదని ఎందుకు చెప్పావు?"

అప్పుడు చెప్పాను. సిమ్ సంగతి, నేల తుడిచే ఆవిడ సంగతి, అన్నీ. చెబుతూ ఏడ్చాను. పెళ్ళయినప్పటి నుంచి నువ్వు చూడనిది అమ్మాయి చూసింది. అది ఏడవలేదు. పలక మీద నిదానంగా రాసింది. "అమ్మమ్మ పోయిన సంగతి అమ్మ దాచింది. నేను గొంతు సంగతి దాచాను. నువ్వు ఇది దాచావు. అమ్మకు నువ్వే చెప్పు."

అత్తయ్య పోయిన సంగతి నువ్వు పదకొండు రోజులు దాచినందుకు ఆనాడు నిన్ను ఎన్ని మాటలన్నానో నాకు గుర్తుంది. ఆవిడ చేతుల్లో పెరిగిన పిల్లకు చెప్పకుండా ఎలా ఉండగలిగావని అందరి ముందూ అన్నాను. కొత్త ఉద్యోగం, పరుగెత్తుకొస్తే పోతుందని నువ్వు భయపడ్డావు. బిడ్డ బాగుండాలని దాచావు. నేను నా పరువు కోసం దాచాను. నిన్ను అనే అర్హత నాకెప్పుడూ లేదు. నన్ను క్షమించు. ఈ మాట ఫోన్‌లో చెప్పడానికి నాకు నోరు రాలేదు. పై వరుసలో క్షేమమని రాశాను, అది అలవాటు చొప్పున రాసింది.

ఆ రోజు అమ్మతో ఏం మాట్లాడాలనుకున్నావని దాన్ని అడిగాను. "మాట్లాడాలని కాదు, అడగాలని. అమ్మమ్మ ఆఖర్న నా కోసం అడిగిందా?" అని రాసింది. నాకు తెలియదన్నాను. నాకు నిజంగా తెలియదు. ఆ గదిలో ఉన్నది నువ్వు.

ఈ ఉత్తరం శుక్రవారానికి అందుతుందని కొరియర్‌వాళ్ళు చెప్పారు. శనివారం అక్కడి సాయంత్రం నాలుగింటికి నీ ఫోన్ మోగుతుంది. ఈసారి నేను కలిపి ఇవ్వను. అదే చేస్తుంది, దాని ఫోన్‌లోంచి. నేను గదిలో కూడా ఉండను, కింద బట్టలుతికే మిషన్ల దగ్గర కూర్చుంటాను. అత్తయ్య మంచం పట్టిన రోజు నుంచి మొదలుపెట్టి అన్నీ చెప్పు. దానికి బాధ కలుగుతుందని ఏదీ మింగెయ్యకు. నీకు ఏడుపొస్తే ఏడువు. నువ్వు హలో అన్నప్పుడు అవతల నుంచి ఏమీ వినిపించదు. ఎంతసేపైనా వినిపించదు. లైను పోయిందనుకుని మాత్రం పెట్టెయ్యకు. అది వింటూ ఉంటుంది.

ఇట్లు,
నీ భర్త,
అమ్మాయి నాన్న