మొగల్తూరు వెళ్లి చూసొచ్చాను

ఏమండీ,

మీరు పోయి నేటికి ఏడాది. నా మోకాళ్లు బాగా అరిగిపోయాయట. "మోకాల్లోకి సన్నటి గొట్టం పెట్టి శుభ్రం చేస్తే మర్నాడే ఇంటికెళ్లొచ్చు గానీ నొప్పి మళ్లీ రావచ్చు. కీళ్లు మారిస్తే హాయిగా నడుస్తారండి" అన్నారు రాజమండ్రి డాక్టరుగారు. రెండోది చెప్పేటప్పుడు ఆయన గొంతు మరీ తియ్యగా ఉంది. నాకు అనుమానం వచ్చింది.

ఆయన దగ్గరే కీళ్లు మార్పించుకున్న సుగుణమ్మగారిది మొగల్తూరని నర్సు చెప్పింది. ముందే కబురు పెడితే డాక్టరుగారు నేర్పిన మాటలు చెబుతుందేమోనని చెప్పకుండా బస్సెక్కాను. వెళ్లేసరికి ఆవిడ బిందెతో మెట్లెక్కుతోంది.

"నొప్పి లేదండి. కానీ ప్రార్థనలో మోకరించలేను" అంది.

ఆ సంగతి డాక్టరుగారు నాకు చెప్పలేదు. తిరిగెళ్లి నిలదీశాను.

"అదంత ముఖ్యమనుకోలేదండి" అన్నారు.

నలభై ఏళ్లు చర్చిలో మీ పక్కన మోకరించినదాన్ని. నాకది ముఖ్యం. కాగితాల మీద సంతకం పెట్టకుండా వచ్చేశాను.

ఇవాళ మీ సమాధి దాకా నడవలేక, పువ్వులు మన కోడలి చేత పంపించాను. వీధిగుమ్మంలో నిలబడి, అది మలుపు తిరిగేదాకా చూశాను.

రేపు వెళ్లి కీళ్లు మార్చమని సంతకం పెడతాను. ఆయన మీద నమ్మకం మాత్రం ఇంకా కుదరలేదు.

మీ
రత్నం