అత్తయ్యగారి గుప్పిట్లో అక్షతలు

దుర్ముఖి, శ్రావణ బహుళ విదియ, రాజమండ్రి.

వాన వెలిసింది. గోదావరి మీంచి తడిగాలి వస్తోంది. కళ్లు మూస్తే మధ్యాహ్నం చదివిన కథలోని పడవ ఇంకా కదులుతున్నట్టే ఉంది.

ఆయన చెన్నపట్నం నుంచి పాత హత్యల పుస్తకం తెచ్చారు. అన్నీ నిజంగా జరిగినవేనట. మధ్యాహ్నం అత్తయ్యగారు చదివి వినిపించమన్నారు. పుస్తకం అంటే ఆవిడకి పురాణమే. కాళ్లు కడుక్కుని, గుప్పిట్లో అక్షతలు పట్టుకుని కూర్చున్నారు. ఇది పురాణం కాదని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

కుంపినీవారి కాలంలో, కాలవ మీద పడవలో వెళ్తున్న ఒక ఆడమనిషిని నగల కోసం చంపిన పడవ సరంగు కథ చదివాను. వెన్నెల, నీళ్ల మీద తేలిన జడ... భయం వెయ్యలేదు. జోలపాట వింటున్నట్టు తీయగా ఉంది. అలా అనిపించిందేమిటా అని ఇప్పుడు బెంగగా ఉంది.

కథ అయిపోయినా అత్తయ్యగారు గుప్పిట విప్పలేదు.

"ఇంతకీ ఆ పిల్ల పేరేంటే?"

పేజీలు వెనక్కి తిప్పి వెతికాను. సరంగు పేరు పేజీ పేజీకీ ఉంది. శిక్ష వేసిన దొర పేరుంది. ఆఖరికి పడవ పేరు కూడా ఉంది.

"లేదండీ. ఒక స్త్రీ అని రాశారంతే."

"అయ్యో! మరి ఎవర్ని తలుచుకుని వెయ్యనే ఇవి?"

లేచి వచ్చి ఆ అక్షతలు నా తల మీద వేశారు. ఈ ఇంట్లో నేనెప్పుడూ కోడలిపిల్లనే. ఇవాళ మాత్రం, "చల్లగా ఉండు సుభద్రా" అన్నారు.

జడ విప్పుతుంటే ఇంకా గింజలు రాలుతున్నాయి. ఆ రోజు పడవ ఎక్కేముందు ఆమెకి జడ ఎవరు వేశారో, ఏమని పిలిచి పంపారో...