నీళ్ళ కేసుకి మరో వాయిదా

ప్రియమైన మా వకీలు తల్లికి,

అమ్మమ్మ దీవించి చెప్పి రాయిస్తున్నది. రాసేది పక్కింటి కంపౌండరు. నా తిట్లు తిట్టినట్టే రాయాలని, తన మర్యాదలు కలపొద్దని ముందే చెప్పాను.

ఇంటి యజమాని నా కొళాయి కట్టేసి ఇది రెండో వేసవి. గది ఖాళీ చేయించడానికి వాడి ఎత్తు. బట్టలుతికి బతికేదాన్ని, నీళ్ళు లేకపోతే దేంతో ఉతకను, గాలితోనా? వీధి చివరి పంపు నుంచి మోసి మోసి నడుము విల్లయింది. కేసు వేస్తే, పిలిచినప్పుడల్లా అవతలివాళ్ళు వాయిదా పట్టుకుపోతున్నారట. "మీరు రానక్కర్లేదు పెద్దమ్మా, నేను చూసుకుంటాగా" అంటాడు మన వకీలు. చూస్తూనే ఉన్నాడు మహానుభావుడు.

అదే కోర్టులో నువ్వుండగా నాకింకెవరే దిక్కు? నా కేసు నువ్వు తీసుకో. ఒక్కసారి నోరు విప్పు, చాలు.

ఇట్లు, నీళ్ళకు మొహం వాచిన
అమ్మమ్మ

---

ప్రియమైన అమ్మమ్మకు,

నమస్కారాలు. కోర్టంటే వాదించడమేనని చదువుకునే రోజుల్లో నేనూ అనుకున్నాను. ఇక్కడ జూనియర్ అంటే ఫైళ్ళు మోయడం, సీనియర్ గారి కారు వచ్చేదాకా మెట్ల మీద నిలబడడం. ఆయన రాలేని కోర్టుకి నన్ను పంపుతారు. లేచి, "సీనియర్ గారు వేరే కోర్టులో ఉన్నారు, వాయిదా ఇప్పించండి" అంటాను. చేరినప్పటినుంచి కోర్టులో నేను పలికిన మాట అదొక్కటే. "మనం వకీళ్ళం కాదే, కోటు తొడిగిన తలుపు గొళ్ళేలం" అన్నాడు నాతో చదివినవాడు. అందరితో పాటు నవ్వి, బాత్రూములోకి వెళ్ళి ఏడ్చాను.

మానేద్దామంటే, మధ్యలో వదిలేసి వచ్చిన జూనియర్ని ఇంకో సీనియర్ గడప తొక్కనివ్వడు. నీ కేసు నేను తీసుకోలేను. ఎందుకని అడగకు. మోకాళ్ళు జాగ్రత్త.

నీ మనవరాలు

---

ప్రియమైన పిరికి తల్లికి,

ఎందుకని అడగకూడదా? నీ తల్లిని కన్నదాన్ని, అడుగుతాను. ఫైళ్ళు మోస్తున్నానని ఏడుపా? రా, నా బిందె ఎత్తి చూడు. మనింట్లో ఒక్కరైనా నలుగురిలో తలెత్తి మాట్లాడాలని నిన్ను చదివించాం. గొళ్ళెం పని నేర్పడానికా?

ఈ వాయిదాకి నేనే వస్తున్నాను. కంపౌండరు తోడొస్తాడట. "కోర్టులో తిట్లు వద్దు పిన్నీ" అని షరతు పెట్టాడు. నేను ఒప్పుకోలేదు.

అమ్మమ్మ

---

ప్రియమైన అమ్మమ్మా,

ఈ ఒక్కసారికి రావద్దు. నీ కాళ్ళు పట్టుకుంటాను. ఆ రోజు నువ్వు అక్కడుంటే నేను బతకలేను.

నీ మనవరాలు

---

ప్రియమైన నా తల్లికి,

నీ ఉత్తరం నేను బయల్దేరాక వచ్చింది. రావద్దని ఎందుకు బతిమాలావో చదివించుకోకముందే తెలిసిపోయింది.

మన కేసు పిలిచారు. అవతలి పక్షాన లేచింది నువ్వు. నన్ను చూశావు. అయినా అదే మాట అన్నావు. జడ్జి గారు మండిపడ్డారు: "నీళ్ళు కట్టేసి వాయిదాలా అమ్మా? ఇవాళ వాదించండి, లేదంటే కొళాయి తెరవమని రాసేస్తాను!" నువ్వు నోరు తెరిచావు. మాట రాలేదు. వెనక బెంచీలో ఎవడో కిసుక్కున నవ్వాడు. ఆ నవ్వు నాకు తగిలింది.

లేచాను. "కూర్చో పెద్దమ్మా" అని మన వకీలు గింజుకుంటున్నాడు. "వాయిదా ఇచ్చేయండయ్యా" అన్నాను. జడ్జి గారు కలం దించి, "కేసు నీదేగా, ఎందుకమ్మా?" అన్నారు. "ఎండగా ఉందండి. ఆ పిల్ల నిలబడలేకపోతోంది" అన్నాను.

"చేతిదాకా వచ్చిన నీళ్ళు పారబోశావు కదా పిన్నీ" అన్నాడు బయటికొచ్చాక కంపౌండరు.

నువ్వు మానేస్తే నీ బతుక్కి తాళం, మానకపోతే నా కొళాయికి. దారి చెప్పమంటే నాకూ తెలియదు. కానీ విను. అమ్మమ్మగా ఇవ్వగలిగింది ఒక్క వాయిదా, ఇచ్చేశాను. ఈసారి అటువైపు నువ్వు లేస్తే, ఇటు నేనూ లేస్తాను. అప్పుడు ఆ పిల్లెవరో నేనెరగను.

ఇట్లు, ఆ రోజు దాకా
నీ అమ్మమ్మ