చేనికి పోయిన సుబ్బలక్ష్మమ్మ

నంద్యాల,
3-1-1984

వరదన్నకు,

నీ కార్డు అందింది. ఆళ్లగడ్డ చుట్టుపక్కల వాళ్ల పండగ జ్ఞాపకాలన్నీ కూర్చి పుస్తకం వేస్తున్నానని, పారువేట గురించి మన ఇంటి తరఫున నన్నే రాయమని అడిగావు. తియ్యగా రాయమన్నావు. రాస్తాను. తియ్యగా ఉందో లేదో చదివాక నువ్వే చెప్పు. షరతు ఒక్కటే. అక్షరం మార్చకూడదు, పేర్లు తీసెయ్యకూడదు. ముఖ్యంగా మీ అమ్మ పేరు.

పారువేట అంటే ఏమిటో నీ పుస్తకం చదివేవాళ్లకు నువ్వే చెప్పుకో. అహోబిలం స్వామి తన పెండ్లికి తానే జనాన్ని పిలవడానికి కనుమ నాడు పల్లకి ఎక్కి ఊరూరూ తిరుగుతాడని, మన ఊళ్లో తెలుపు అనే రాతి అరుగు మీద పల్లకి దించగానే తొలి హారతి మన వంశానిదేనని రాయి. అది ఒక ఏడు మీ నాయన, అంటే మా పెదనాయన ఇంటి వంతు, మరుసటి ఏడు మా నాయన వంతు. ఇక్కడి నుంచి నేను రాస్తాను.

డెబ్భై రెండులో వంతు మాది. నాకప్పుడు పదేళ్లు. అంతకు ముందటి ఏడు సన్నిపాత జ్వరం వచ్చి నా జుట్టంతా ఊడిపోయింది కదా, ఆ పొద్దుకు మళ్లీ జడకు అందింది. పొద్దున్నే అమ్మ నాకు చిట్టిజడ వేసి, తాను తలకు పోసుకుని, పచ్చి మంచినీళ్లు కూడా ముట్టకుండా ఓళిగలకు పప్పు ఉడికిస్తోంది. అప్పుడు మీ అమ్మ గోడ మీంచి తొంగి చూసి, "సుబ్బులూ, పల్లకి పక్కూర్లోనే నిలిచిపోయిందంట. రేపట్కి గానీ రాదు. నువ్వు పొయ్యి ఆర్పేసి పనులు చూసుకోపో" అనింది. నేను అమ్మ పక్కనే ఉన్నాను. నా చెవులతో విన్నాను.

అమ్మ పొయ్యి ఆర్పి, ఇంత సంగటి తిని, జొన్న చేనికి పోయింది. నన్నూ వెంట తీసుకుపోయింది. మేము చేని మధ్యలో ఉండగా ఊళ్లో మేళం వినపడింది. అమ్మ పరుగెత్తింది. నేను వెనకబడ్డాను. నేను పోయేసరికి తెలుపు దగ్గర అమ్మ కాళ్ల నిండా రేగడి మన్నుతో నిలబడి ఉంది. మీ అమ్మ పట్టుచీరలో హారతి ఇస్తోంది. మా వంతు హారతి.

మా నాయన అందరి ముందూ, "దేవుడు ఇంటి ముందరికొస్తే చేనికి పోయినాది సూడు, ఇట్లాంటి ఆడదాన్ని యాడన్నా చూసినారా?" అన్నాడు. జనం నవ్వారు. అమ్మకు చచ్చేదాకా అదే పేరు. చేనికి పోయిన సుబ్బలక్ష్మమ్మ. పెద్దమ్మే అబద్ధం చెప్పిందని నేను ఏడుస్తూ చెబితే నాయన నా చెంప పగలగొట్టాడు. పెద్దోళ్ల మీద చాడీలు చెప్తావా అని. ఆ ఏడంతా అమ్మ వడ్డిస్తే తిన్నాడు కానీ ఆమెతో ఒక్క మాట మాట్లాడలేదు.

అమ్మ మాత్రం నోరు తెరవలేదు, అన్నా. "మా అక్కే చెప్పింది" అని ఒక్కసారి అంటే పోయేది. అనలేదు. పైగా ఏటా పండక్కి తొలి వాయి ఓళిగలు పళ్లెంలో పెట్టి మీ ఇంటికే పంపేది, నా చేత్తోనే. మీ అమ్మ తీసుకుని పళ్లెం ఖాళీగా తిరిగిచ్చేది. ఒక పసుపు కొమ్ము కూడా వేసేది కాదు. శత్రువుకైనా ఖాళీ గిన్నె తిరిగివ్వరు. అమ్మ మంచితనం చూసి నాకు ఏడుపొచ్చేది, ఆ వెంటనే ఒళ్లు మండేది.

అమ్మ పోయి రెండేళ్లయింది. ఆమె అనని మాట నేను అంటాను. మీ అమ్మ బతికుండగానే, ఆమె మనమలు చదివేలా అచ్చులో అంటాను. వెయ్యడానికి నీకు ధైర్యం లేకపోతే చెప్పు, నంద్యాలలో అచ్చాఫీసులకు కొదవ లేదు.

ఏదీ మర్చిపోని నీ చెల్లెలు,
యశోద

*

ఆళ్లగడ్డ,
8-1-1984

చెల్లీ యశోదా,

నీ ఉత్తరం అమ్మకు చదివి వినిపించాను. దాచిపెట్టడం నాకు చేతకాలేదు. నువ్వు షరతు పెట్టినట్టే ఆమె కూడా పెట్టింది, తాను చెప్పింది చెప్పినట్టు రాయమని. ఇక మాట ఆమెది.

"ఏమే యశోదా, బాగుండావా? నా పేరు పెద్దచ్చరాల్లో ఏపిచ్చమని వరదునికి చెప్పినా. నువ్వు రాసింది నిజమే. పల్లకి రాదని చెప్పింది నేనే. అబద్ధమని తెలిసే చెప్పినా. ఇప్పుడు చెప్పేది గూడా దాని కిందనే ఏపిచ్చు.

ముందటేడు వంతు నాది. తలకు పోసుకోని, పట్టుచీర కట్టుకోని, హారతి పళ్లెం పట్టుకోని గడప దాటినా. మీ యమ్మ ఆడ పూజార్లతో చెప్తాండాది, 'మా అక్క బయట చేరింది సామీ, ఈ ఏడు హారతి నేనిస్తా' అని. అంతమంది మొగోళ్లు నా తిక్కే చూస్తాండారు. నేను ముట్టు కాలేదని ఆడమనిషి వాళ్లకెట్ల చెప్పుకుంటాది? ఏం చూపిచ్చుకుంటాది? పళ్లెం ఆడనే దించి గొడ్ల కొట్టంలోకి పోయినా. మూడు దినాలు శుభ్రమైన ఒంటితో పేడ వాసన్లో కూచున్నా. మీ పెదనాయన గూడా నన్ను నమ్మలే. ముట్టు పెట్టుకోని దేవుని పళ్లెం ఎట్ల పట్టినావని తిట్నాడు.

ఎందుకు చేసిందో తెల్సా? నీకు సన్నిపాతమొచ్చి ఇంగ బతకవన్నప్పుడు, బిడ్డ బతికితే ఈ పారువేటకు తొలి హారతి నా చేత్తో ఇస్తానని మొక్కుకునింది. ముందు నన్నే అడిగింది. కాళ్లు పట్టుకోని అడిగింది. వంతు వంతే, పై ఏడు ఇచ్చుకోపో అన్యా. మొక్కు తప్పితే నీకేమైతాదోనని దాని భయం. వంతు నాదని నా పట్టు.

ఆ ఓళిగలు ఎందుకు పంపిచ్చేదో దానికి తెలుసు, నాకు తెలుసు. ఒక్కటీ తిన్లే. అన్నీ గొడ్లకేసినా. దానికి బిడ్డ దక్కింది, హారతి దక్కింది. నాకు కొట్టం దక్కింది. అది చచ్చిపోయిన దినం నేను ఏడ్చినా. ఏడ్చిందీ నిజమే, కోపమూ నిజమే."

ఇంతే చెప్పింది. నేను ఒక్క అక్షరం మార్చలేదు.

మీ అన్న,
వరదరాజులు

*

నంద్యాల,
12-1-1984

పెద్దమ్మకు,

నీ మాటలు చదివి ఆ కాగితాన్ని పొయ్యిలో వేద్దామని లేచాను. వెయ్యలేదు. జడ ముందుకు వేసుకుని, దాన్ని పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. మా ఇంటాయన ఏమయిందని అడిగితే తలనొప్పి అన్నాను.

అమ్మ మౌనం మంచితనమనుకున్నాను. కాదని ఇప్పుడు తెలిసింది. నీకు చేసింది తనకు తిరిగొచ్చిందని పళ్లు బిగబట్టుకుంది. నాకు ఆ సంగతి చెబితే, నా వల్లే ఇదంతా అని నేను కుములుతానని కూడా అనుకుని ఉంటుంది. ఇంత తెలిశాక నీ మీద కోపం పోయిందనుకునేవు. పోలేదు. కాళ్లు పట్టుకుని అడిగితే ఇవ్వలేదని నువ్వే చెప్పావు. అది నాకు తెలియని సంగతి. కోపం ఇంకొంచెం పెరిగింది.

ఈ ఏడు వంతు మాది. మా నాయన నన్నే వచ్చి హారతి ఇవ్వమన్నాడు. వస్తున్నాను. పల్లకి తెలుపు మీద దించాక, ఊరంతా చూస్తుండగా పళ్లెం తెచ్చి నీ చేతిలో పెడతాను. మా అమ్మ నిన్ను అడిగింది, నువ్వు ఇవ్వలేదు. నువ్వు అడగలేదు, నేను ఇస్తున్నాను. తీసుకోకుండా ఎట్లా ఉంటావో చూస్తాను. "ఆ ఏడు మా పెద్దమ్మ బయట చేరలేదు సామీ, మా అమ్మ అబద్ధమాడింది" అని పూజార్ల ముందు, పెదనాయన ముందు నా నోటితో చెబుతాను. మా అమ్మను గురించి ఆ మాట అనడం నాకు ఎంత కష్టమో నీకు తెలుసు. అయినా అంటాను.

తర్వాత నీ వంతు. సుబ్బలక్ష్మమ్మ ఆ పొద్దు చేనికి ఎందుకు పోయిందో నువ్వు చెప్పాలి. మా నాయన అక్కడే ఉంటాడు, ఆయనకు చెవుడు, గట్టిగా చెప్పు. నువ్వు చెప్పేదాకా నేను కర్పూరం వెలిగించను. పళ్లెం పట్టుకుని స్వామి ఎదురుగా అట్లాగే నిలబడు. బోయీలు తొందరపెట్టినా సరే, నాకు తొందర లేదు.

ఓళిగలు కూడా చేసి తెస్తాను. గొడ్లకు వేస్తావో తింటావో నీ ఇష్టం.

పల్లకి మన ఊరికి ఏ పొద్దుకు వస్తుందో వరదన్నను అడిగి తెలుసుకుంటాను. నిన్ను మాత్రం అడగను.

సుబ్బలక్ష్మమ్మ కూతురు,
యశోద