కెమెరా పక్కన బావ చెయ్యి

వయసు అరవై తొమ్మిది (సినిమా వాళ్ళ దగ్గర అరవై ఒకటి), పద్దెనిమిదేళ్ళు టీవీలో మధ్యాహ్నం రెండు గంటల ఫోన్ల కార్యక్రమం నడిపి, ఆ తర్వాత సినిమాల్లో తల్లిగా, అత్తగా, ఒక్కసారి జడ్జిగా వేసి, మొత్తం ఇరవై మూడు సినిమాల్లో చనిపోయిన నేను, ఈ రోజు మా ఇంటి ముందుగదిలో కూర్చుని, మతి స్థిమితంగా ఉండి, ఎవరి బలవంతమూ లేకుండా, ఎదురుగా తెర మీద అక్షరాలు నడిపించేవాళ్ళు కూడా లేకుండా, నా సొంత మాటల్లో రాయిస్తున్న వీలునామా ఇది. ఇదివరకు నేను వీలునామా రాయలేదు. ఇదే మొదటిది. మొదటి టేకులోనే ఓకే కావాలని నా కోరిక.

వచ్చే సోమవారం నా గుండెకు ఆపరేషన్. "ఏం పర్లేదమ్మా, మామూలుదే" అన్నారు డాక్టరుగారు. సినిమాల్లో ఈ మాట నాతో తొమ్మిదిమంది డాక్టర్లు అన్నారు. తొమ్మిదిసార్లూ తర్వాతి సీన్లో నేను లేను. అందుకే ఈ తొందర.

ఒక సంగతి ముందే చెప్పేస్తాను. నాకున్నది పంచడానికి అరపేజీ చాలు. ఈ కాగితం అసలు పని మా బావను మళ్ళీ మా గుమ్మం ఎక్కించడం. బావంటే మా అక్క మొగుడు. ఇదే వీధిలో నాలుగిళ్ళ అవతల ఉంటాడు. తొమ్మిదేళ్ళుగా నాతో మాట్లాడడు. తప్పు నాదే. అదేమిటో నాలుగో అంశంలో చెప్తాను. ముందు ఆస్తి సంగతి తేల్చమని వకీలుగారు కలం పట్టుకుని కూర్చున్నారు.

1. నా స్వార్జితమైన ఈ ఇల్లు, అందులోని సామానుతో సహా, నా తదనంతరం మా అమ్మాయికి సర్వహక్కులతో చెందవలసినది. అమ్మాయీ, మేడ మీది గదిలో కిటికీ సగమే తెరుచుకుంటుంది. పూర్తిగా తెరవాలని చూడకు. మీ నాన్న ఒకసారి చూశారు, వారం రోజులు చెయ్యి పైకెత్తలేకపోయారు. హాల్లో ఉన్న నా నిలువెత్తు ఫోటో నీకు నచ్చదని నాకు తెలుసు. తీసేయొచ్చు. కాకపోతే దాని వెనక గోడ మీద అంతే ఎత్తున తడి మచ్చ ఉంది. ఏదో ఒకటి తగిలించక తప్పదు. నన్నే ఉంచితే ఖర్చు తగ్గుతుంది.

ఈ వీలునామాను అమలు జరిపే బాధ్యత కూడా నీదే. చిన్నప్పటి నుంచీ మా అందరి మీదా పెత్తనం చేస్తూనే ఉన్నావు. ఇప్పుడది కాగితం మీద పడింది, అంతే.

2. మా అల్లుడుగారికి నా కారు, నా సొరుగులో ఉన్న భూతద్దం. కారు ఎందుకంటే ఎలాగూ ఆయనే నడుపుతున్నారు. భూతద్దం ఎందుకంటే ఆయనకు నా సినిమాల్లో తప్పులు వెతకడం సరదా. "అత్తయ్యగారూ, ఏడ్చేటప్పుడు మీ చెవికి కమ్మలున్నాయి, కళ్ళు తుడుచుకునేసరికి లేవు" అని అన్నం తింటూ తింటూ చెప్పడం ఆయన అలవాటు. ఆ పూట నాకు ముద్ద దిగేది కాదు. కానీ నా ప్రతి సినిమా మొదటి రోజే సొంతంగా టికెట్టు కొనుక్కుని చూసినవాడు మా ఇంట్లో ఆయనొక్కడే. కన్న కూతురు కూడా టీవీలో వచ్చేదాకా ఆగేది. ఈ సంగతి నేను గమనించానని ఆయనకు తెలియాలి.

3. నా కార్యక్రమంలో బల్ల మీద ఉండే ఎర్ర ఫోను మా మనవరాలికి. దానికి వైరు లేదు, ఎప్పుడూ లేదు. ఫోను చేసినవాళ్ళ గొంతు నా చెవిలో దాచిన చిన్న స్పీకరులోంచి వచ్చేది. నేను ఉత్త డబ్బా చెవికి ఆనించుకుని, మొగుడు పలకడం లేదని ఒకావిడా, అత్త పలుకుతూనే ఉందని ఇంకొకావిడా చెప్పుకునేవన్నీ విని, "లైన్లోనే ఉండండి" అనేదాన్ని. వీధిలో నా పేరే అదైపోయింది. కూరగాయలు కొనడానికి వెళ్తే "లైన్లోనే ఉండండి వచ్చింది" అనేవాళ్ళు. మా మనవరాలు ఇప్పుడు ఆ ఫోనులో వాళ్ళ నాన్నను తిడుతోంది. కొనసాగించవలసినది.

4. ఉత్తమ సహాయ నటి బహుమతి. రాగి రంగు బొమ్మ, మూడు కిలోలు. ఇది ఎవరికి చెందాలో చెప్పే ముందు, ఎవరిదో చెప్పాలి.

నన్ను టీవీలో కూర్చోబెట్టింది బావే. ఆయన అక్కడ ఫ్లోర్ మేనేజరు. అంటే చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని, కెమెరా పక్కన నిలబడి, నోరు మెదపకుండా వేళ్ళతో ఆజ్ఞలు జారీ చేసే మనిషి. ఒకరోజు ఆయన ఇంట్లో మర్చిపోయిన కళ్ళజోడు ఇవ్వడానికి వెళ్ళాను. అదే రోజున అసలు యాంకరమ్మకు గొంతు పోయింది. బావ నన్ను తీసుకెళ్ళి ఆ కుర్చీలో కూలేశాడు. "వాగడం నీకు కొత్తా? ఆ కెమెరాలోకి చూసి వాగు" అన్నాడు. అప్పటికి నాకు నలభై ఏళ్ళు, వంట తప్ప వేరే అనుభవం లేదు.

ఆయన సైగలు నాలుగు. అయిదు వేళ్ళూ ఒక్కొక్కటే ముడిస్తే, మొదలుపెట్టు. రెండు చేతులూ దూరంగా లాగితే, సాగదీయి. చూపుడువేలు గాల్లో గిరగిరా తిప్పితే, ఇక చాలించు. అరచెయ్యి గుండెల మీద పెట్టుకుంటే, బాగుంది. మొదటి మూడూ నేను వేలసార్లు చూసి ఉంటాను. నాలుగోది పద్దెనిమిదేళ్ళలో మూడుసార్లు.

కార్యక్రమం ఆగిపోయాక సినిమా వాళ్ళు పిలిచారు. అక్కడ మొట్టమొదటి నియమం కెమెరాలోకి చూడకూడదని. పద్దెనిమిదేళ్ళు అదొక్కటే చూసినదాన్ని! చిన్న చిన్న వేషాల్లో నా ముఖం పక్కకు తిప్పి ఎలాగో నెట్టుకొచ్చారు. తర్వాత మంచం మీద చనిపోయే తల్లి వేషం వచ్చింది. దగ్గరగా తీసే షాటు, ముఖం తిప్పడానికి వీల్లేదు. పదమూడు టేకులయ్యాయి. ఊపిరి ఆగే సమయానికి సరిగ్గా నా కళ్ళు వెళ్ళి కెమెరాలో పడేవి. పదకొండో టేకులో ప్రాణం వదులుతూ "లైన్లోనే ఉండండి" అనేశాను. దర్శకుడు తల పట్టుకుని, "మేడమ్, మీరు పోతున్నారు. బ్రేక్‌కి వెళ్ళడం లేదు" అన్నాడు. లైట్లు పట్టుకున్నవాళ్ళు కూడా నవ్వారు. సినిమాలు నా వల్ల కావు, ఇంటికి వెళ్ళిపోదామని నిర్ణయించుకున్నాను.

అప్పుడొచ్చాడు బావ. నేను మర్చిపోయిన బీపీ మాత్రలు అక్క ఆయన చేత పంపింది. సెట్లోకి వచ్చిన మనిషి ఎక్కడ నిలబడతాడు? ఆయన కాళ్ళకు తెలిసిన చోటు ఒక్కటే. కెమెరా పక్కన, అడుగు దూరంలో. పద్నాలుగో టేకు మొదలైంది. ఆయన చెయ్యి దానంతటదే లేచింది. నా కళ్ళు కెమెరాను వదిలేసి ఆ చేతి మీదికి వెళ్ళాయి. అయిదు, నాలుగు, మూడు, రెండు. ఒకటి దగ్గర ఆయన అరచెయ్యి తీసి గుండెల మీద పెట్టుకున్నాడు. నాకు నవ్వొచ్చింది. అలాగే కళ్ళు మూసుకున్నాను.

"ఆమె మృత్యువును చూసి నవ్వింది" అని పేపర్లన్నీ రాశాయి. నేను చూసింది మా బావను.

బహుమతి ఇచ్చిన రోజు వేదిక మీద, ఆ క్షణంలో మీకేం కనిపించిందని అడిగారు. నేను గొంతు బరువు చేసుకుని, మృత్యువే కనిపించిందని, నటి ఆ దారిలో ఒంటరిగానే నడవాలని చెప్పాను. ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో నాకిప్పటికీ తెలియదు. ఇరవై ముగ్గురికి కృతజ్ఞతలు చెప్పాను, టీ ఇచ్చేవాడితో సహా. బావ పేరు ఎత్తలేదు. ఆయన మూడో వరసలో అక్క పక్కన కూర్చుని ఉన్నాడు. నా ప్రసంగం సాగుతూ ఉంటే అలవాటు కొద్దీ చూపుడువేలు తిప్పుతున్నాడు. నేను చూశాను. చూడనట్టు ముఖం తిప్పుకున్నాను. ఆయన వేలు దించి, లేచి వెళ్ళిపోయాడు.

మొదట్లో నాది పొగరు. తర్వాత మొహం చెల్లలేదు. అప్పటి నుంచి మా మధ్య రాయబారాలన్నీ అక్కవే. నిచ్చెన కావాలంటే అక్క, నిచ్చెన తిరిగివ్వాలంటే అక్క. "మీ ఇద్దరి మధ్యా తిరిగి తిరిగి నా కాళ్ళు అరిగిపోయాయే. క్షమించమని ఒక్క ముక్క చెప్పి పంపితే నేనే మోసుకెళ్తాగా" అని ఎన్నిసార్లు అందో! ఆ ఒక్క ముక్కా అక్క చేత పంపేది కాదనిపించింది.

కాబట్టి నేను మతి స్థిమితంగా ఉండి ప్రకటిస్తున్నాను: ఆ బహుమతిలో నవ్వు నాది. మిగిలినదంతా మా బావది.

5. బీరువా పైఅరలో గొడుగు కర్రకు కట్టి ఉన్న తెల్ల చేతి తొడుగు, అందులో కూరిన దూదితో సహా, నా మేకప్ ఆవిడకు. ఆవిడకు తప్ప ప్రపంచంలో ఎవరికీ తెలియని సంగతి ఇది. బావ మాట్లాడడం మానేశాక ఇరవై రెండుసార్లు చనిపోయాను. బావ చెయ్యి లేకుండా నాకు చావు కుదరదు. అందుకని ఆ తొడుగును కెమెరా పక్కన నిలబెట్టి, వెనక ఆవిడ కూర్చుని ఒక్కో వేలూ ముడిచేది. "దృష్టి కుదరడానికి" అని దర్శకులకు చెప్పేవాళ్ళం. మేము మాత్రం దాన్ని "బావగారు" అనేవాళ్ళం. ఒకసారి బొటనవేలు ఊడిపోయి, నేను ముందే పోయాను. ఆ తొడుగుకు గుండె లేదు కాబట్టి నాలుగో సైగ కుదరలేదు. అందుకే ఆ ఇరవై రెండింటిలో ఒక్కదానికీ బహుమతి రాలేదు. దర్శకుల్ని తిట్టుకున్నవి వెనక్కి తీసుకుంటున్నాను.

నా లిప్‌స్టిక్‌లు కూడా ఆవిడకే. సగం ఎలాగూ ఆవిడవే.

6. మా బావకు, మా అక్కకు ఈ వీలునామా ద్వారా ఏమీ ఇవ్వడం లేదు.

ఇది రాయమన్నప్పుడు వకీలుగారి కలం ఆగిపోయింది. ఆ మాట నిన్న ఆయన నోటి నుంచి వచ్చిందే. వీలునామాకు ఇద్దరు సాక్షులు ఎదురుగా ఉండి సంతకం చెయ్యాలని, సాక్షికి గానీ, సాక్షి భార్యకు గానీ అందులో ఏమీ రాయకపోవడమే క్షేమమని ఆయనే చెప్పారు. నాకు బావ రెండో సాక్షిగా కావాలి. కాబట్టి ఆయనకు ఏమీ లేదు. అక్కకు కూడా లేదు. ఈ సంగతి చెప్తే, "తొమ్మిదేళ్ళు రాయబారాలు మోసినందుకు ఇదా నాకిచ్చేది?" అని అరగంట దులిపి, ఆ తర్వాత చెప్పులేసుకుని ఆయన్ని పిలుచుకురావడానికి వెళ్ళింది.

బహుమతి ఈ గదిలోనే, బల్ల మీద, తువాలు కింద ఉంది. వీలునామాతో సంబంధం లేకుండా, బతికుండగానే, నా చేత్తో ఇస్తాను. పుచ్చుకోవడం ఆయన ఇష్టం.

7. వేరే రెండో సాక్షి వద్దని నా గట్టి నిర్ణయం. బావ రాకపోతే ఈ కాగితం చెల్లదు. ఇల్లు, కారు, భూతద్దం, అన్నీ చిక్కులో పడతాయి. "అమ్మా, ఇది మొండితనం" అని మా అమ్మాయి, "చట్టరీత్యా ఇది తెలివితక్కువతనం" అని వకీలుగారు అన్నారు. ఇద్దరి అభిప్రాయాలూ నమోదు చెయ్యడమైనది.

సంతకానికి ముందు దీన్ని పైకి చదువుతారు కాబట్టి ఒక మాట నేరుగా చెప్తాను. బావా, ఆ రోజు నువ్వు కనిపించావని చెప్పి ఉండాల్సింది. చెప్పకపోవడం నా తప్పు. క్షమించు. ఇరవై మూడుసార్లు చచ్చాను గానీ, నిజంగా భయమేసింది ఇప్పుడే. మత్తు ఇచ్చేటప్పుడు అంకెలు వెనక్కి లెక్కపెట్టమంటారట. ఆపరేషన్ గది తలుపు దాకా మనవాళ్ళను రానిస్తారట. ఆ తలుపు దగ్గర నువ్వు నిలబడి అయిదు నుంచి వేళ్ళు ముడువు. నేను చూస్తూ వెళ్తాను. నాలుగో సైగ మాత్రం అప్పుడు వద్దు. అది చూస్తే నా పని అయిపోయిందనుకుని కళ్ళు మూసేస్తాను. నేను బయటికొచ్చాక పెట్టు.

పైన రాసినదంతా నా ఇష్టపూర్వకంగా రాయించి, చదివించి విని, సరిగ్గా ఉందని ఒప్పుకుని సంతకం చేస్తున్నాను.

తేదీ: ఈ నెల పద్దెనిమిది, గురువారం. మధ్యాహ్నం రెండు గంటలకు మొదలైంది.

(సంతకం)
వీలునామా రాయించిన ఆవిడ

సాక్షి 1: (సంతకం) పళ్ళ డాక్టరు, పక్క వీధి. ఈమె నవ్వులో ముందు పళ్ళు నాలుగూ నేను కట్టినవే.

సాక్షి 2: (సంతకం) ఈమె బావ, నాలుగిళ్ళ అవతల. చదివినదంతా నిలబడే విన్నాను. నాలుగు నిమిషాలు ఎక్కువైంది, వేలు తిప్పాను, ఈసారి చూసి నవ్వింది. బొమ్మ మా ఆవిడ చేతికిచ్చాను, బరువుగా ఉందని తిడుతోంది. సోమవారం పొద్దున ఆరింటికల్లా ఆ తలుపు దగ్గర ఉంటాను. అయిదు నుంచి ఒకటి దాకా లోపలికి వెళ్ళేటప్పుడు. నాలుగో సైగ బయటికొచ్చాకే. అందాకా చెయ్యి జేబులోనే ఉంటుంది.