ఊదినట్టు నిలబడు

జూలై 8, సోమవారం

నువ్వూ చప్పట్లు కొట్టావు. నా డైరీ నాకు చెప్పకుండా తెరిచి చదువుతున్నవాడివి ఎవరివైనా సరే, ముందు ఆ మాట ఒప్పుకో. పెద్దమనిషి కారు దిగాడని కొట్టావు. మైకు ముందు దగ్గాడని కొట్టావు. పక్కవాడు కొడుతున్నాడని కొట్టావు. నీ చప్పట్ల చాటునే ఇవాళ స్కూల్ బ్యాండులో మా అమ్మాయి ఊదే యూఫోనియం, ఆ పెద్ద ఇత్తడి బాకా, నలిగిపోయింది.

జరిగింది జరిగినట్టు రాస్తాను. తిట్లు తర్వాత.

స్కూల్ కమిటీ ప్రెసిడెంటు కొత్త ల్యాబ్ తెరవడానికి వచ్చాడు. పిల్లలు ఆయన్ని రిబ్బన్ తాతయ్య అంటారు. కత్తెర కనిపిస్తే ఆగలేడట. బ్యాండ్ స్వాగతం ఊదింది. ఆ స్కూల్లో ఒక పద్ధతుంది. స్వాగతం ఊదిన పిల్లలే, ఊదడం కాగానే వాద్యాలు కింద పెట్టి, పరుగున వెళ్లి రెండు వరసల్లో నిలబడి చప్పట్లు కూడా కొట్టాలి. మిగతా పిల్లల్ని క్లాసుల్లోంచి రప్పిస్తే చదువు పాడవుతుందట. వండేదీ వీళ్లే, వడ్డించేదీ వీళ్లే, ఆహా ఓహో అనేదీ వీళ్లే.

ఇత్తడి ఎండకు కాలుతుందని పిల్లలు వాద్యాల్ని గోడ నీడన పెట్టారు. కారు ఎండకు కాలుతుందని ప్రెసిడెంటు డ్రైవర్‌ని నీడలో పెట్టమన్నాడు. ఉన్నది ఒకటే నీడ.

కారు వెనక్కి వచ్చింది. యూఫోనియం వెడల్పాటి మూతి ఒక పక్క రేకు డబ్బాలా నొక్కుకుపోయింది. మూడు మీటల్లో మధ్యది కిందికి దిగి ఇరుక్కుంది. చప్పట్ల మోతలో ఆ చప్పుడు ఎవరికీ వినబడలేదు. మా అమ్మాయికి వినబడిందట. దాని గొంతు నాకు తెలియదా అంది. ఏడవలేదు. ఏడిస్తే బాగుండేది.


జూలై 9, మంగళవారం

హెడ్ మేడమ్ గదిలో ఆమె కుర్చీ కాక ఇంకొక్క మెత్తటి కుర్చీ ఉంటుంది. అది ప్రెసిడెంటుది. నన్ను నిలబెట్టే మాట్లాడబోయింది. నేను వెళ్లి అందులో కూర్చున్నాను. ఆమెకు చీమలు పాకినట్టయింది.

వాద్యం పాడుచేసిన పిల్ల అసెంబ్లీలో నిలబడి ఆ వాద్యానికి క్షమాపణ చెప్పాలట. అదీ రూలు. మనుషులకు కాదు, వాద్యానికి. అలా చేస్తే వస్తువుల మీద గౌరవం పెరుగుతుందట. తొక్కింది కారు కదండీ, కారుతో చెప్పించండి అన్నాను. కారెలా చెబుతుందండీ అని నవ్వింది. హారన్ ఉందిగా అన్నాను. నవ్వు ఆగిపోయింది. మీరు పత్రికల్లో రాస్తారని తెలుసు మేడమ్, అలాగని ప్రతిదాన్నీ సమస్య చేస్తే ఎలా అంది. సమస్య చేసింది నేను కాదు తల్లీ, మీ ప్రెసిడెంటు గారి రివర్స్ గేరు అన్నాను.

గెలిచానని పొంగిపోతూ ఇంటికొచ్చాను. తీరా చూస్తే నేనా గదిలో వాదిస్తుండగానే అమ్మాయి అసెంబ్లీలో క్షమాపణ చెప్పేసిందట. సిగ్గులేదటే, ఎందుకు చెప్పావు అని అరిచాను. దానికి దెబ్బ తగిలిన మాట నిజమే కదమ్మా, ఎవరో ఒకరు చెప్పాలిగా అంది.


జూలై 10

ఎందుకొచ్చిన గొడవ అన్నాడు మా ఆయన. పెళ్లయిన నాటి నుంచీ ఆ మాటే ఆయన ఇంటిపేరు.


జూలై 13, శనివారం

గొడవ ఎందుకొచ్చిందంటే, వచ్చే నెల ఇన్‌స్పెక్షన్ ఉంది. స్కూల్ మార్చ్ మధ్యలో అందరూ ఒక్కసారిగా ఆగుతారు. అప్పుడు యూఫోనియం ఒక్కటే పలకాలి. ఆ కాస్త ముక్క కోసం మా పిల్ల చలికాలం నుంచీ సాధన చేస్తోంది. స్నానాల గదిలో, మెట్ల మీద, పళ్లు తోముకుంటూ కూడా ఆ ముక్కే. ఇంట్లో మా అందరికీ కంఠతా వచ్చేసింది. ఆ ముక్క పోతే దానికి ఆ స్కూల్లో ఇంకేమీ లేదు. మార్కుల్లో లేదు, ఆటల్లో లేదు, టీచర్ల కళ్లలో అసలే లేదు.

బాగు చేయించడం మాట దేవుడెరుగు, మీరే ఏదో ఒకటి చూసుకోండి అని బ్యాండ్ మాస్టారు వాద్యాన్ని మాకే అప్పగించాడు. వాద్యాలు బాగుచేసేవాడు ఈ ఊళ్లో లేడు. కార్లకు సొట్టలు తీసే షెడ్డుకి తీసుకెళ్లాం. అక్కడ ఎవరున్నారనుకున్నావు? ప్రెసిడెంటు కారు! బంపరు మీద పసుప్పచ్చటి గీత. ఒకే దెబ్బకి పడ్డ ఇద్దరు పేషెంట్లు ఒకే ఆస్పత్రిలో.

కారుకి అర్జెంటుట. మధ్యాహ్నానికల్లా గీత పోయింది, పాలిష్ మెరిసింది, కారు వెళ్లిపోయింది. తర్వాత మా వంతు. షెడ్డువాడు యూఫోనియంని అటూ ఇటూ తిప్పి, అక్కా, ఇంజన్ ఎక్కడుందో చెప్తే మిగతాది నేను చూసుకుంటా అన్నాడు. మా అమ్మాయి తన ఛాతీ చూపించింది. వాడు గంటసేపు చెక్క సుత్తితో కొట్టి మూతిని ఇంచుమించు గుండ్రంగా తెచ్చాడు. మీట జోలికి పోనన్నాడు. ముట్టుకుంటే విరిగిపోతుంది, ఆ పాపం నాకొద్దన్నాడు.

ఇప్పుడు ఊదితే కొన్ని స్వరాలు వస్తున్నాయి. ఆ ముక్కకు కావలసినవాటిలో సగం లేవు.


జూలై 15, సోమవారం

బ్యాండ్ మాస్టారు తీర్పు చెప్పాడు. వరస నిండుగా ఉండాలి కాబట్టి అమ్మాయి తన చోటే నిలబడాలి. వాద్యం పట్టుకోవాలి. బుగ్గలు పూరించాలి. ఊదకూడదు. దాని ముక్క వచ్చినప్పుడు డ్రమ్ములు మోగిస్తారట.

ఊదినట్టు నిలబడు చాలు అన్నాడట. ఓదార్పుగా!


జూలై 17, బుధవారం, సాయంత్రం 5

ప్రాక్టీసు చూడ్డానికి వెళ్లాను. కంచె బయట నిలబడి చెవులు రిక్కించి విన్నాను. ఇన్నాళ్లూ నేను వినలేదు, చూశాను. ఇవాళ విన్నాను.

వెనక వరస మొత్తం దొంగ బుగ్గలే. ముందుకీ వెనక్కీ జరగాల్సిన స్లైడ్ గొట్టం సొట్టపడి కదలని ట్రోంబోన్ పట్టుకుని ఒక పొడుగు పిల్లవాడు. మెత్తలు ఊడిపోయిన క్లారినెట్‌తో ఒక కళ్లద్దాల పిల్ల. చర్మం చిరిగిన పెద్ద డ్రమ్ముకి తగలకుండా గాల్లో కర్ర ఆడిస్తూ ఒక బొద్దబ్బాయి. ఎంత నేర్పుగా ఆడిస్తున్నాడో! ఆ స్కూలు నేర్పిన విద్యల్లో పూర్తిగా అబ్బింది ఇదొక్కటే.

మాస్టారిని పట్టుకుని కడిగేశాను. అందరికీ అలవాటైపోయింది మేడమ్ అన్నాడు. మీరొక్కరే ఇలా వింటున్నారు అన్నాడు. ఆ మనిషి సంగీతం నేర్పేవాడు. వినడం నా తప్పని నాకు చెబుతున్నాడు!


జూలై 21, ఆదివారం

వ్యాసం రాశాను. 'నోరు మూయించిన ఇత్తడి'. నా కలం ఇంత పదునుగా ఎప్పుడూ సాగలేదు. అమ్మాయికి చదివి వినిపించాను. అది ఓపిగ్గా చివరిదాకా విని, అమ్మా, ఇందులో పెట్టుబడిదారీ వ్యవస్థ అడుగడుగునా ఉంది, మధ్య మీట ఒక్కచోట కూడా లేదు అంది.

మా ఆయన పేపరు అడ్డం పెట్టుకుని నవ్వాడు. పేపరు వణకడం నేను చూశాను.


జూలై 22

వ్యాసం పంపలేదు. మీట గురించి ఎక్కడ పెట్టాలో తెలియలేదు.


ఆగస్టు 2, శుక్రవారం

మా డాబా మీద వారం నుంచీ ఏదో జరుగుతోంది. పొడుగు పిల్లవాడూ కళ్లద్దాలూ బొద్దబ్బాయీ సాయంత్రాలు వస్తున్నారు. కింది వాటా ఆవిడ మెట్లెక్కి వచ్చి, వదినా, పైన దూడనేమైనా కట్టేశారా, పాపం దానికి ఒంట్లో బాగున్నట్టు లేదు అంది.

వెళ్లి చూశాను. నలుగురూ గుండ్రంగా కూర్చుని, నీకేం మిగిలాయి, నీకేం మిగిలాయి అని ఒకరినొకరు అడుగుతున్నారు. స్వరాల గురించి. మీట ఇరుక్కున్నా మా పిల్లకి కొన్ని మిగిలాయి. స్లైడ్ కదలకపోయినా పెదవి బిగించి వదిలితే పొడుగువాడికి మూడు వస్తాయి. క్లారినెట్‌కి పైచేతి వేళ్లతో పలికేవి వస్తాయి. డ్రమ్ముకి అంచు మిగిలింది. మా అమ్మాయి తన ముక్కని విడగొట్టి, ఎవరి దగ్గర ఏ స్వరం ఉంటే వాళ్లకి అది పంచుతోంది. ఒకరి తర్వాత ఒకరు, తలా ఒక స్వరం. ఒక్కడు తడబడినా పాట గుంటలో పడుతుంది. పడుతోంది కూడా. పడ్డ ప్రతిసారీ నవ్వుతున్నారు, ఒకణ్ణొకడు వెధవా అనుకుంటున్నారు, మళ్లీ మొదలెడుతున్నారు.

నేను మెట్ల మీద కూర్చున్నాను. సలహా ఇవ్వలేదు. ఇవ్వకుండా ఉండటానికి పడ్డ పాట్లు నాకే తెలుసు.


ఆగస్టు 9, శుక్రవారం

ఇన్‌స్పెక్షన్. షామియానా కింద ఇన్‌స్పెక్టర్లు, మధ్యలో రిబ్బన్ తాతయ్య, పక్కన పట్టు చీరలో హెడ్ మేడమ్. మార్చ్ మొదలైంది. వెనక వరస బుగ్గలు పూరించింది. అందరూ ఆగారు. మాస్టారు డ్రమ్ములకు సైగ చేయబోయాడు.

అప్పుడు యూఫోనియం ఒక్క స్వరం పలికింది. రెండోది ట్రోంబోన్ నుంచి. మూడోది మళ్లీ యూఫోనియం. నాలుగోది కళ్లద్దాల దగ్గర నుంచి, సన్నగా, చలికి వణికినట్టు. మధ్యలో డ్రమ్ము అంచు మీద టకటక. పాట ఆ మూల నుంచి ఈ మూలకి గెంతుతూ నడిచింది. కుంటుతూ నడిచింది. అయినా పడలేదు. మాస్టారి చెయ్యి గాల్లోనే ఉండిపోయింది. మా ఇంట్లో అందరికీ కంఠతా వచ్చిన ఆ ముక్క మొదటిసారి వింటున్నట్టు విన్నాను. మా ఆయన నా మోచెయ్యి పట్టుకున్నాడు. ఎందుకొచ్చిన గొడవ అనలేదు.

అందరూ చప్పట్లు కొట్టారు. నేను కొట్టలేదు. నా చేతులు ఒకదాన్నొకటి పట్టుకుని కూర్చున్నాయి.


అదే రోజు, సాయంత్రం 6

పొద్దున ఉపన్యాసాలు మొదలవకముందే అక్కడే కూర్చుని రాసింది కొట్టేద్దామనుకున్నాను. ఉండనీ.

చప్పట్లయ్యాక ప్రెసిడెంటు మైకు తీసుకున్నాడు. అవి లేవు ఇవి లేవని ఏడ్చేవాళ్లు ఈ పిల్లల్ని చూసి నేర్చుకోవాలన్నాడు. సొట్ట వాద్యంతోనే ఇంత చేస్తే ఇక కొత్తవెందుకు, బాగుచేయించడం ఎందుకు అన్నాడు. ఆ డబ్బుతో గేటుకి ఆర్చి కట్టిద్దాం అన్నాడు. ఆర్చి మీద ఎవరి పేరుంటుందో చెప్పలేదు, మొహమాటం! హెడ్ మేడమ్ లేచి, ఏటా 'విరిగిన వాద్యాల కచేరీ' పెడతామని ప్రకటించింది. మాస్టారు తలూపాడు. తలూపడంలో ఆయనకు తాళం ఎప్పుడూ తప్పదు.

చెప్పుల్లేకుండా నడిచాడని మెచ్చుకుని చెప్పుల దుకాణం మూసేసినట్టుంది. తొక్కినవాడే వచ్చి, తొక్కబట్టే కదా నీకింత ప్రతిభ వచ్చింది అని భుజం తట్టి వెళ్లాడు. దానికి ఊరంతా కళ్లు తుడుచుకుంది. ఇన్‌స్పెక్టర్లలో ఒకాయన నా దగ్గరికొచ్చి, మీ అమ్మాయి స్ఫూర్తి అండీ అన్నాడు. స్ఫూర్తి కాదు సార్, తొమ్మిదో క్లాసు అన్నాను.

ఇంటికి నడుస్తున్నాం. వీధి మలుపులో అమ్మాయి అడిగింది. మేం బాగా వాయించకుండా ఉండాల్సిందా అమ్మా, అని.

ఇన్నేళ్లు ఇన్ని పేజీలు రాసిన దాన్ని. యూఫోనియం దాని చేతిలోంచి తీసుకుని ఇంటిదాకా నేనే మోశాను.


ఆగస్టు 12, సోమవారం

స్కూల్ కమిటీకి పంపే అర్జీ నలుగురూ డాబా మీద కూర్చుని చెప్పారు, నేను రాశాను. ఒక్క తిట్టు కూడా వేయనివ్వలేదు. నకలు ఇక్కడ ఉంచుకుంటున్నాను.

1. యూఫోనియం మధ్య మీట పైకి రావాలి.

2. ట్రోంబోన్ స్లైడ్ కదలాలి. క్లారినెట్‌కి మెత్తలు వేయాలి. పెద్ద డ్రమ్ముకి చర్మం మార్చాలి. అన్నీ ఆర్చి కంటే ముందు.

3. ఊదినట్టు నిలబడమని ఇక ఎవరికీ చెప్పకూడదు.

4. చప్పట్లు ఎవరికి కావాలో వాళ్లు మనుషుల్ని తెచ్చుకోవాలి. మేం వాద్యాలు కింద పెట్టం.

5. కారు అసెంబ్లీలో నిలబడి యూఫోనియంకి క్షమాపణ చెప్పాలి. డ్రైవర్ కాదు, కారు. వెనక సీట్లో ఎవరుంటే వాళ్లతో సహా.