లిస్బన్‌లో నువ్వు ఆగిన మెట్టు

బావా,

ఎలా ఉన్నావని అడగను. నువ్వు వెళ్లిపోయి రెండేళ్ల నాలుగు నెలలైంది. నేను బాగున్నాను. మన సుజాత బాగుంది. ఇక్కడ యాంగోన్‌లో, తామ్వేలో మన మూడో అంతస్తు మెట్లు అలాగే ఉన్నాయి, కరెంటు అలాగే వస్తూ పోతూ ఉంది.

ఇన్నాళ్లూ నీకు ఒక్క ముక్క రాయలేదు. రాయడానికి ఏడుపు తప్ప ఏముంది... ఇప్పుడు చెప్పుకోవాల్సింది ఉంది. నేను లిస్బన్ వెళ్లి వచ్చాను.

అవును, నేనే. తామ్వే బజారు దాటితే నీ మోచెయ్యి పట్టుకుని నడిచేదాన్ని, ఒక్కదాన్నే వెళ్లాను.

ఆ రేవు దగ్గర ఓడవాళ్ల బాగోగులు చూసే ఇల్లు ఒకటి ఉంది కదా, నువ్వు నాకు ఫోన్ చేసేది అక్కడి నుంచే. నువ్వు పోయిన నెలకి వాళ్ల దగ్గర నుంచి ఉత్తరం వచ్చింది. అందులో ఉన్నవి మూడే ముక్కలు. నువ్వు ఓడ దిగి ఊళ్లోకి నడిచావట. కొండదారిలో ఒక కూరగాయల కొట్టు ముందు మెట్టు మీద కూర్చుని ఒరిగిపోయావట. ఆ కొట్టు నడిపే ముసలావిడ చివరిదాకా నీ చెయ్యి పట్టుకునే ఉందట.

ఆ మూడో ముక్కే నన్ను నిలవనివ్వలేదు. ఎవరావిడ? నువ్వు ఏమైనా అన్నావా? నీళ్లు అడిగావా? నా పేరు...?

సుజాత ఈ ప్రశ్నలన్నీ ఇంగ్లీషులో రాసి పంపింది. వాళ్లు వాటికి జవాబులు చెప్పలేదు, వచ్చి ఆవిడనే అడగమని రాశారు. టికెట్టు, ఉండటానికి గది వాళ్లే చూశారు. వీసాకి ఏడు నెలలు పట్టింది. మింగళాడోన్‌లో విమానం ఎక్కే ముందు సుజాత నా ఫోన్‌లో ఒకటి పెట్టింది. మనం బర్మీస్‌లో మాట్లాడితే అది వాళ్ల భాషలో చెబుతుంది. తెలుగు కూడా వచ్చట దానికి. కానీ నేను మాట్లాడితే ఒక్క ముక్కా పట్టుకోలేకపోయింది. "అమ్మా, నీది పుస్తకాల తెలుగు కాదు కదా, దానికి అర్తం కాదులే. బర్మా మాటే మాట్లాడు," అంది.

ఆ ఊరు ఎలా ఉంటుందో నువ్వు ఎన్నిసార్లు చెప్పావు! ఓడ ఆ రేవుకి వెళ్లినప్పుడల్లా నడిచినదంతా ఫోన్‌లో చెప్పేవాడివి. నేను బ్లౌజులు కుట్టుకుంటూ సగం వినేదాన్ని. సగమే విన్నందుకు ఇప్పుడు ఎవరిని తిట్టుకోను?

రేవు ఇంటివాళ్లు కారులో దింపుతామన్నారు. వద్దన్నాను. నువ్వు నడిచి వెళ్లావు కదా. ఒక కాగితం మీద దారి గీసి ఇచ్చారు. లోంజీ కట్టుకుని, పైన సుజాత స్వెట్టరు వేసుకుని, బుగ్గలకి తనాకా చెక్క గంధం రాసుకుని బయల్దేరాను. నన్ను ఎవరూ వింతగా చూడలేదు బావా. ఆ ఊళ్లో రకరకాల మనుషులున్నారు.

నది పక్కనే చాలాదూరం నడిచాను. నది అంటే ఏదో అనుకున్నాను, మన యాంగోన్ నది కంటే వెడల్పు. ఆ తర్వాత ఊళ్లోకి తిరిగాను. నేల మీద అగ్గిపెట్టెలంత తెల్లరాళ్లు పరిచారు, నడిచీ నడిచీ నున్నబడిపోయాయి. రాత్రి వాన పడిందేమో, నా చెప్పులు జారుతున్నాయి. పసుపుపచ్చ ట్రాములు గోడకి ఆనుకున్నంత దగ్గరగా పోతుంటే ప్రతిసారీ ఏదో ఒక గుమ్మంలోకి దూరిపోయాను. కిటికీల్లో ఆరేసిన బట్టలు కనిపిస్తే మాత్రం ప్రాణం లేచొచ్చింది. మన వీధిలో లాగే పై అంతస్తు నుంచి గంట కట్టిన తాడు వేలాడుతుందేమోనని తలెత్తి వెతికాను కూడా. లేదు. వాళ్లు పైకి ఏదైనా ఎలా చేరవేసుకుంటారో...

మొదటి రోజు ఆ కొట్టు చేరనేలేదు. కాగితంలో ఒక్క సందు తప్పాను, అంతే. ఎక్కాల్సింది ఒక కొండ, ఎక్కింది ఇంకో కొండ. పైన ఒక చర్చి, మూసిన తలుపులు. మోకాళ్లు పట్టేశాయి. ఫోన్‌లో బ్యాటరీ అయిపోయింది. ఆ చర్చి మెట్ల మీద కూర్చుని, ఎందుకొచ్చాన్రా భగవంతుడా అని ఏడ్చాను. అప్పుడు, నేను వినలేదనుకున్న సగంలోంచే, నువ్వు చెప్పిన మాట ఒకటి గుర్తొచ్చింది.

"తోవ తప్పీసినావనుకో, గాబరా పడకు. కిందకి దిగిపోవడమే. ఏ సందులో దిగినా ఏరు కనపడతాది. ఏరు కనపడితే ఓడలు కనపడతాయి."

దిగాను. కనపడింది.

మర్నాడు పొద్దున్నే మళ్లీ బయల్దేరాను. ఈసారి కాగితం మడిచి రొంటిన దోపుకున్నాను. రొట్టెల కొట్టు కనిపిస్తే ఆగి అడిగాను, బూట్లు కుట్టేవాణ్ణి అడిగాను, కుక్కతో వెళ్తున్న ఒకావిణ్ణి అడిగాను. నువ్వు ఉన్నన్నాళ్లూ నేను ఎవర్నైనా దారి అడిగానా? ఆ కుక్కావిడ నా చెయ్యి పట్టుకుని సందు మొదటిదాకా వచ్చి, పైకి వేలెత్తి చూపించి వెళ్లిపోయింది.

అంత పెద్ద కొట్టేం కాదు. గుమ్మం ముందు క్యాబేజీలు, నారింజలు, ఉల్లిపాయల బుట్టలు. నాలుగు మెట్లు. ఏ మెట్టు మీద కూర్చున్నావో తెలియక దేనిమీదా కాలు పెట్టలేకపోయాను.

లోపలి నుంచి ఆవిడే వచ్చింది. పొట్టి మనిషి, తెల్లజుట్టు, డెబ్బై ఐదేళ్లు ఉంటాయి. పేరు లూర్ద్. నేను నీ ఫోటో చూపించాను, ఓడ యూనిఫారంలో ఉన్నది. ఆప్రన్‌కి చేతులు తుడుచుకుని, ఫోటోని రెండు చేతుల్లోకి తీసుకుంది. తర్వాత నా మొహం చూసింది. ఫోన్ తీసేలోపే ఆవిడకి అర్థమైపోయింది.

కొట్టు తలుపు వేసేసి, నన్ను స్టూలు మీద కూర్చోబెట్టి, ఫోన్ మా ఇద్దరి మధ్యా క్యాబేజీల మీద పెట్టింది.

నువ్వు మధ్యాహ్నం వచ్చావట. మెట్టు దగ్గర ఆగి, గోడకి చెయ్యి ఆన్చి, కూర్చుండిపోయావట. మొహమంతా చెమట. ఆవిడ అంబులెన్సుకి ఫోన్ చేసి వచ్చి పక్కన కూర్చుందట. ఆవిడ భర్త పోయిందీ అలాగేనట, అందుకని భయపడి గట్టిగా ఏడ్చేసిందట. నువ్వు ఆవిడ చెయ్యి పట్టుకుని ఒకే మాట మళ్లీ మళ్లీ అన్నావట.

నువ్వు ఏదో కావాలని అడిగావనీ, తనకి అర్థంకాక ఇవ్వలేకపోయాననీ... రెండేళ్లుగా అదే బాధట. ఆ వీధిలో కొట్లు పెట్టుకున్న నేపాలీలను అడిగిందట, బెంగాలీలను అడిగిందట. ఎవరికీ తెలియలేదు. ఆ మాటని మర్చిపోకుండా రోజూ లోపల అనుకుంటూ ఉందట.

నాకు చెప్పింది. ఫోన్‌కి అర్థం కాలేదు, అది మూగగా ఉండిపోయింది.

"ఎతీ కాదమ్మ... ఎతీ కాదు."

బావా... ఆ ఊళ్లో, ఆ పరాయి ఆవిడ నోట్లోంచి నీ మాట వచ్చింది. సుజాత పుట్టేటప్పుడు నేను అరుస్తుంటే తలుపు బయట నిలబడి నువ్వన్నది అదే. మీ అమ్మ జబ్బు పడినప్పుడు ఆవిడ కాళ్లు ఒత్తుతూ అన్నదీ అదే. "ఏటీ కాదమ్మా. ఏటీ కాదు."

బర్మీస్‌లో ఫోన్‌కి చెప్పాను. మా ఆయన నిన్ను ఏమీ అడగలేదు. నువ్వు ఏడుస్తుంటే, భయపడకు, ఏమీ కాదు అని నీకే ధైర్యం చెప్పాడు. ఫోన్ దాన్ని ఆవిడ భాషలో చదివింది. ఆవిడ రెండోసారి వినిపించమని సైగ చేసింది. మూడోసారి కూడా.

అప్పుడు ఏడ్చింది చూడు! నేనూ ఆపుకోలేదు. నీళ్లు అడిగావేమో, దొరకలేదేమోనని నేను, ఇవ్వలేకపోయానేమోనని ఆవిడ... ఇద్దరం ఇన్నాళ్లూ ఒకే దిగులు మోశాం. తర్వాత ఆవిడ లోపలికి వెళ్లి ఆకుకూర వేసిన సూపు వేడిచేసి తెచ్చింది. ఉప్పు తక్కువైంది గానీ గిన్నె ఖాళీ చేశాను.

నువ్వు వెళ్లాలనుకున్న చోటు ఏదని అడిగాను. ఈ దారిలో పైకి వచ్చేవాళ్లంతా వెళ్లేది ఒక్కచోటికేనని, నా చెయ్యి పట్టుకుని నడిపించింది. నువ్వు ఎక్కకుండా మిగిల్చినవి అరవై రెండు మెట్లు. ఇద్దరం ముసలివాళ్లం ఆగి ఆగి ఎక్కాం. పైన ఒక పిట్టగోడ, నాలుగు బెంచీలు. కింద ఎర్రపెంకుల ఇళ్లు, వాటి వెనక నది మొత్తం. ఎండ బాగుంది. ఎవరో గిటారు వాయిస్తున్నారు. ఇంత చూడటానికా బావా, ఓడ దిగిన ప్రతిసారీ పరుగెత్తేవాడివి? నేనైనా అంతే చేసేదాన్నేమో.

తిరిగొచ్చాక నేను చేసిన మొదటి పని చెబుతాను. నీకు తెలియదు, పోయిన ఏడాది సుజాత ఒక అబ్బాయిని ఇంటికి తెచ్చింది. పేరు శివ. పుట్టింది ఇక్కడే, వాళ్ల తాతది గంజాం. మంచి కుర్రాడు, ఓడ మీద ఇంజినీరు. ఓడ అన్న మాట వినగానే నేను లేచి లోపలికి వెళ్లిపోయాను. సముద్రం మీద బతికేవాడికి పిల్లనివ్వనన్నాను. సుజాత ఎదురు చెప్పలేదు. లైంగ్‌థార్యార్‌లో ఫ్యాక్టరీకి వెళ్లడం, రావడం, అన్నం తినడం... అంతే. ఏడాదిగా ఇంట్లో నవ్వు లేదు.

మొన్న ఆదివారం అతన్ని రమ్మన్నాను. లపెయే టీ కలిపిచ్చి, ఏ రేవులు తిరుగుతావు, దిగి నడుస్తావా, గదిలోనే పడుకుంటావా అని అడిగాను. బెదిరిపోయి, "నడుస్తానండి, ఊరు చూడకపోతే ఏటి లాబమండి," అన్నాడు. సరే, ముహూర్తం పెట్టించుకోమన్నాను. సుజాత వంటింట్లోకి వెళ్లి కడిగిన కప్పులే మళ్లీ కడిగింది.

పీటల మీద అన్నయ్య, వదిన కూర్చోవాలని గుడి దగ్గర పెద్దవాళ్లు అన్నారు. తల్లిని, నేనే కూర్చుంటానన్నాను. గొణిగారు, ఊరుకున్నారు.

నిన్న సాయంత్రం తెలుగు మాస్టారు శుభలేఖ రాస్తూ నీ పేరు దగ్గర కలం ఆపారు. రెండేళ్లుగా ఎవరైనా నీ పేరు ముందు కీర్తిశేషులు అంటే నేను లేచి వెళ్లిపోతానని ఆయనకి తెలుసు. ఖాళీ వదిలేయనా తల్లీ అన్నారు.

"వద్దు మాస్టారూ, రాయండి," అన్నాను.

రాశారు. ఆ ముక్క మీద సిరా ఆరేదాకా పక్కనే కూర్చున్నాను.

వచ్చే వారమే పెళ్లి. పిల్ల చెయ్యి నేనే అతని చేతిలో పెడతాను. నా చెయ్యి వణకనివ్వను బావా, మాట.

నీ పార్వతి